అరువది ఘడియల దినము



నయాపూల్ వంతెన మీదుగా ఈ మండపమునకు వచ్చువారికి ఉత్తరపు గట్టున ఉస్మానియా ఆసుపత్రి, దక్షిణపు గట్టున హైకోర్టు భవనము కనిపించును. ఒకచోట చీటీ చేత పట్టుకొని వరుసలో నిలుచున్నవారు, మరియొకచోట వాయిదా కొరకు కాచుకొని యున్నవారు. నడుమ వంతెన మీద బస్సులు, ఆటోలు, తోపుడుబండ్లు. ఆ గుంపులో తెలిసినవారెవరిని పలుకరించినను వచ్చు సమాధానమొక్కటే: “తీరిక లేదండీ.” పరుగెత్తువానికి తీరిక లేదు, సరే. ఉదయము నుండి బల్లమీద కూర్చుండి యున్నవానికిని తీరిక లేదు! ఇది నాకు చిరకాలముగా వింతగా తోచుచుండెడిది. దీనిని గూర్చి శాస్త్రములలో ఏమున్నదో చెప్పవలెనను తలంపు ఒక ఇల్లాలి వలన కలిగినది.

కొంతకాలము క్రిందట శ్రావణమాసములో ప్రవచనము ముగిసిన పిదప ఒక అమ్మగారు వచ్చి ప్రక్కగా నిలుచున్నారు. ఇరువురు పిల్లల తల్లి. కార్యాలయములో ఉద్యోగము. ఇంట వృద్ధురాలైన అత్తగారు. అందరు వెళ్లిన తరువాత ఆమె నోరు విప్పినది.

“పంతులుగారూ, పని ఎక్కువై కాదండీ. ఏ పని చేస్తున్నా ఇంకో పని గుర్తుకొస్తూ ఉంటుంది. కుక్కరు పెడుతుంటే పిల్లాడి ఫీజు గుర్తుకొస్తుంది. ఫీజు కడుతుంటే గ్యాసు కట్టేశానో లేదో అని అనుమానం. దీపం ముందు కూర్చున్నా నా మనసు బస్టాపులోనే ఉంటుంది. మొన్న మా అత్తగారికి షుగరు మాత్ర ఇచ్చి, ఇచ్చిన సంగతి మరచిపోయి, గంట తరవాత మళ్లీ ఇచ్చేశాను.”

ఆ వృద్ధురాలికి చెమటలు పట్టినవి, కాళ్లు తేలిపోయినవి. ఇరుగుపొరుగువారు ఆటోలో ఆసుపత్రికి తీసికొనిపోయిరి. దైవానుగ్రహము వలన రెండు దినములలో ఇంటికి వచ్చినది. “ఆవిడ నన్ను ఒక్క మాట కూడా అనలేదండీ. అదే నాకు మోయలేనంత భారంగా ఉంది” అని ఆమె కన్నీరు పెట్టుకొన్నది.

“అంతయు భగవంతునిపై భారము వేయుము తల్లీ” అని చెప్పి పంపివేయుట నాకు సులువే. అట్లు చెప్పలేకపోతిని. మాత్ర రెండుమారులు ఇచ్చినది భక్తి తక్కువై కాదు. ఆమె దినచర్యలో ఏ పనికిని తనదైన చోటు లేదు. అన్ని పనులు అన్ని వేళలందు తలుపు తట్టుచున్నవి. మన పూర్వులు కాలమును విభజించిన తీరు ఈ బాధకే మందని నా అభిప్రాయము. కొందరు దానిని కేవలము మడి ఆచారముల చిట్టాగా భావింతురు. అది సరికాదు.

అహోరాత్రమునకు అరువది ఘడియలు. ఘడియకు నేటి లెక్కలో 24 నిమిషములు. రెండు ఘడియలు కూడిన ఒక ముహూర్తము. అట్టి ముహూర్తములు 30. ధనవంతునకు అరువదియొకటవ ఘడియ లేదు, దరిద్రునకు ఏబదితొమ్మిదితో ఆగదు. పూర్వము అడుగున సన్నని రంధ్రము గల రాగిగిన్నెను నీటిమీద విడిచెడివారు. నీరు మెల్లగా పైకి ఎక్కి గిన్నె నిండి మునుగుటకు పట్టిన కాలము ఘడియ. మునిగినంతనే గంట కొట్టి, నీరు పారబోసి, మరల తేల్చెడివారు. ఆ ఘడియ నుండియే మనకు గడియారమను మాట వచ్చినది. గిన్నె కొలత చెప్పుటకు అది ఖాళీయై తేలవలెను. నిండిన గిన్నెను నీటిపై వేసినచో కాలము కొలువబడదు, గిన్నె మునుగును, అంతే.

ఇక్కడికి కూతవేటు దూరములో సాలార్‌జంగ్ మ్యూజియములో 19వ శతాబ్దపు సంగీత గడియారమొకటి కలదు. గంట కొట్టు వేళకు జనము దాని ఎదుట చేరి కూర్చుందురు. గంట పూర్తి కాగానే గడ్డపు బొమ్మ ఒకటి తలుపు తెరచుకొని వచ్చి, ఎన్ని గంటలైనదో అన్ని దెబ్బలు కొట్టి, లోనికి పోవును. ప్రక్కన కమ్మరి బొమ్మ క్షణక్షణము సమ్మెట వేయుచుండును. నేను మనుమలతో పోయి చూచినపుడు వారికి గడ్డపు బొమ్మ నచ్చినది, నాకు దాని నడవడి నచ్చినది. అది తన వేళకు వచ్చును, తన పని ముగించును, తలుపు వేసికొనును. నడుమ నడుమ తొంగిచూచి “వేళయైనదా” అని అడుగదు. కమ్మరి పని వేరు, దాని పని వేరు. మన ఇంట ఈ రెండు బొమ్మల పనియు ఒక్కరిచేతనే, అదియు ఒక్కసారే చేయించుచున్నాము.

ఇక శాస్త్రము. దక్షస్మృతి సూర్యోదయము మొదలు అస్తమయము వరకు గల పగటిని ఎనిమిది భాగములు చేసినది. మొదటి భాగము సంధ్యోపాసన, హోమము, దేవతాకార్యములకు. రెండవది వేదాభ్యాసమునకు. మూడవది పోష్యవర్గము కొరకు ధనార్జనకు. పోష్యవర్గమనగా తల్లి, తండ్రి, గురువు, భార్య, సంతానము, ఆశ్రితులు, దీనులు, అతిథులు. నాలుగవది స్నానమునకు, మాధ్యాహ్నికమునకు. ఐదవ భాగమున దేవతలకు, పితరులకు, మనుష్యులకు, పురుగు పుట్రలకు సైతము అన్నభాగము విడిచి తాను భుజింపవలెను. ఆరు, ఏడు భాగములు ఇతిహాస పురాణములకు. ఎనిమిదవది లోకయాత్రకు, అనగా లౌకిక వ్యవహారములకు. పిమ్మట సాయంసంధ్య.

పగలు పన్నెండు గంటలైనచో ఒక్కొక్క భాగము గంటన్నర. మన హైదరాబాదులో వేసవియందు పగలు సుమారు 13 గంటలు, మార్గశిర పుష్యములలో సుమారు 11 గంటలు ఉండును గనుక భాగమును పెరుగుచు తరుగుచుండును. గోడ గడియారమునకు ఏ ఋతువైనను ఒక్కటే, సూర్యునికి అట్లు కాదు.

“గంటన్నరలో సంపాదన ముగించుట ఈ కాలమున ఎవరికి సాధ్యము స్వామీ?” అని మీరు నవ్వుకొనుచున్నారు. నవ్వవలసినదే. ఈ విభాగమును యథాతథముగా నేడు ఆచరింపుమని చెప్పువాడు మీ ఇంటి అద్దె కట్టువాడు కాడు. పదిగంటలు ఉద్యోగమునకును దారికిని పోవుచున్న గృహస్థునకు ఇందు గ్రహింపవలసినది నిడివి కాదు. ధనార్జన ధర్మములోని భాగమేనని స్మృతి చోటు చూపినది, గనుక దానికై సిగ్గుపడనక్కరలేదు. చోటు చూపుటతోనే దానికి సరిహద్దు గీచినది. లోకయాత్రను చూడుడు. ఇచ్చిపుచ్చుకొనుటలు, చుట్టుపక్కల పనులు, పదిమందితో మాటలు, వీటన్నిటిని పగటి చివర ఒక్కచోట చేర్చినది. మనము వాటిని ఉప్పు చల్లినట్లు దినమంతట చల్లుకొనుచున్నాము. కరెంటు బిల్లు కొరకు ఒకమారు, కొత్తిమీర కట్ట కొరకు ఒకమారు, చెల్లెలి ఫోను కొరకు ఒకమారు.

గృహస్థుని మాట అట్లుండగా, రాజు మాట ఏమి? అర్థశాస్త్రములో కౌటిల్యుడు రాజు యొక్క పగటిని, రాత్రిని చెరి ఎనిమిది భాగములు చేసి, ఆదాయవ్యయములు వినుటకొకటి, పౌర జానపదుల కార్యములు చూచుటకొకటి, స్నాన భోజన స్వాధ్యాయములకొకటి అని నిర్ణయించినాడు. వెంటనే, రాజు తన శక్తిని బట్టి ఈ భాగములను మార్చుకొనవచ్చుననియు చెప్పినాడు. శాసనము చేయువాడు సడలింపును కూడ చెప్పుట పెద్దరికము. విన్నపములతో వచ్చినవారిని వాకిట కాచియుండునట్లు చేయరాదనెను. ఆత్యయికమైన కార్యమును, అనగా ఆలస్యమైనచో చెడునట్టి దానిని, అప్పుడే వినవలెను, దాటవేసిన కార్యము కష్టసాధ్యమో అసాధ్యమో అగునని హెచ్చరించెను. హైకోర్టు మెట్ల ప్రక్కన కూర్చున్నవారిని చూచినపుడెల్ల నాకు ఈ మాట జ్ఞప్తికి వచ్చును.

ఆత్యయికమను ఈ పదమును ప్రతి గృహస్థుడు నేర్చుకొనవలెను. అత్తగారి మాత్ర ఆత్యయికము. పొయ్యిమీది పాలు ఆత్యయికము. జేబులో మ్రోగు సెల్‌ఫోను అంతయు ఆత్యయికము కాదు. అది రాజద్వారమున కేకవేయు ప్రతివానిని సింహాసనము వరకు తెచ్చు ద్వారపాలకుని వంటిది. అట్టి ద్వారపాలకుని ఏ రాజైనను కొలువులో ఉంచునా?

పనులకు వేళ యేర్పడినను, ఒక పనిలోపల కుదురు లేనిచో ఆ వేళ చాలదు. దీనికి యజ్ఞశాల నుండి మూడు విషయములు చెప్పెదను. ఇవి నా చిన్నతనము నుండి చేతులతో చేసినవి గనుక కొంచెము విస్తరింతును, ఓపిక పట్టవలెను.

మొదటిది పాత్రాసాదనము. ఏ హోమమునకైనను అగ్ని కార్యము నడుచుటకు ముందుగా దర్భలు పరచి, వాటిమీద కావలసిన పాత్రలన్నిటిని బోర్లించి వరుసగా పెట్టుదుము. పిమ్మట వాటిని వెల్లకిల చేసి ప్రోక్షింతుము. దర్శపూర్ణమాసములలో యజ్ఞాయుధములని పది చెప్పబడినవి: స్ఫ్యము, కపాలములు, అగ్నిహోత్రహవణి, చేట, కృష్ణాజినము, శమ్య, రోలు, రోకలి, సన్నెకల్లు, దానిమీది పొత్రము. చూచితిరా, ఇందు సగము మన వంటయింటి సామానే! ఈ పదియు వాటి చోట ఉన్నవని చూచుకొనిన పిదపనే కర్మ. మంత్రము నడుచుచుండగా “నేతిగిన్నె ఏదీ” అని లేచిపోవు ఋత్విక్కు కర్మకు విఘ్నము కలిగించువాడు. అర్ధరాత్రి వరకు చదివి ఉదయము ఒక మేజోడు కొరకు ఇల్లంతయు వెదకు విద్యార్థి, తాళపుచెవి కొరకు దిండ్లు ఎత్తివేయు ఉద్యోగి, వీరు కోల్పోవునది పది నిమిషములు కాదు. ఆ పది నిమిషములలో ఇంటిల్లిపాది మీద విసుగుకొనిన విసుగు సాయంత్రము వరకు వెంట వచ్చును. ఇంట సత్యనారాయణ వ్రతమన్నచో నన్నడిగి పసుపు, కుంకుమ, తమలపాకులు, రవ్వ, పంచదార అని పట్టిక వ్రాయించుకొని ముందునాటి రాత్రియే పళ్లెములో సర్దుకొందురే! రేపటి దినము వ్రతము కన్న తక్కువయా?

రెండవది క్రమము. జైమిని మహర్షి పూర్వమీమాంసలో ఒక అధ్యాయమంతయు, ఐదవ అధ్యాయమును, పనుల వరుసకే కేటాయించినాడు. అందొక చక్కని విచారణ కలదు. శ్రుతిలో అగ్నిహోత్రము చేయుమను మాట ముందు, గంజి వండుమను మాట తరువాత ఉన్నవి. చెప్పిన వరుసనే చేయవలెనా? కూడదు. వండనిదే హోమము దేనితో? కావున ప్రయోజనమును బట్టి వంట ముందు. మాటల వరుస కన్న అవసరపు వరుస బలీయమని సిద్ధాంతము. మనము పనులను జ్ఞాపకము వచ్చిన వరుసలో చేయుచున్నాము. ఏది దేనికి ముందు కావలెనో ఆ వరుసలో కాదు. బియ్యము కడిగి పొయ్యి మీద పెట్టిన తరువాత గ్యాసు అయిపోయినదని తెలియుట ఇట్టిదే.

మూడవది తంత్రము. ఇది పదునొకండవ అధ్యాయ విషయము. ఒకమారు చేసిన అంగము పెక్కు ప్రధానకర్మలకు ఉపకరించినచో దానిని ఒక్కమారే చేయవలెను. ప్రయాజలు ఒక్కసారి చేసిన చాలును, ప్రధానయాగములన్నిటికిని పనికివచ్చును. పంక్తిలో పదిమంది భుజించుచున్నచో విస్తరికొక దీపము వెలిగింతుమా? ఒక దీపము చాలును. అయితే అన్నిటికి ఇది చెల్లదు. ఒకని విస్తరిలో వడ్డించిన అన్నము ప్రక్కవాని ఆకలి తీర్చదు. దానిని వేరు వేరుగా వడ్డింపవలసినదే. బజారు పనులు, బ్యాంకు పని, మందుల దుకాణము, ఇవి దీపము వంటివి, ఒక్క ప్రయాణములో ముగియును. కొడుకు చెప్పు మాట వినుట విస్తరి వంటిది. దానిని కూర తరుగుటతో కలిపినచో కూరయు చెడును, కొడుకును చిన్నబుచ్చుకొనును.

ఇంత వ్యవస్థ చేసికొన్నను ఒక్కొక్క దినము వరదవలె వచ్చి పడును. వరద యన్నప్పుడు ఈ నది మాట చెప్పక తప్పదు.

1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన మూసీనది ఈ నగరమును ముంచెత్తినది. పదిహేను వేలమంది వరకు ప్రాణములు కోల్పోయిరని చెప్పుదురు. ఇప్పుడు ఆసుపత్రి ఆవరణలోనున్న చింతచెట్టు నెక్కి సుమారు 150 మంది ప్రాణములు దక్కించుకొనిరి. ఆ చెట్టును నేటికిని చూడవచ్చును. ఆ విపత్తు కేవలము వానవలన అంత పెరుగలేదు. ఎగువనున్న చెరువులు ఒకదాని వెంట నొకటి తెగినవి. పై చెరువు గండిపడి ఆ నీరంతయు క్రింది చెరువుపై పడినది. అది తన నీటితో కూడ ఆ నీటిని మోయలేక తెగినది. ఇట్లు వరుసగా తెగుచు వచ్చి, ఊరు చేరుసరికి ఒక్కొక్క చెరువు నీరు కాదు, అన్ని చెరువుల నీరు ఒక్క పెట్టున వచ్చినది.

మరుసటి యేడు, 1909లో, మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని నైజాం ప్రభుత్వము పిలిపించినది. వేళ తప్పని మనిషిగా ఆయన దేశమంతట పేరొందినవాడు. ఊరిలో గోడలు ఎత్తుగా కట్టి ఊరకుండక, ఎగువన జలాశయములు కట్టి వరదను అక్కడనే పట్టి నిలిపి, నది మోయగలిగినంత మెల్లమెల్లగా విడువవలెనని ఆయన సూచించెను. దాని ఫలముగా మూసీపై ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీనదిపై హిమాయత్‌సాగర్ 1927లో పూర్తియైనవి. పిల్లలను తీసికొని గండిపేటకు విహారము పోవు మనము, అది ఒకనాటి శోకము నుండి పుట్టిన చెరువని మరచితిమి.

వరదను ఆపవలసిన జలాశయమునకు ఒక నియమమున్నది. రాబోవు నీటికి చోటు ఉండవలెను. అంచువరకు నిండియున్న జలాశయము వరదను ఆపలేదు, వచ్చినదంతయు క్రిందికి వదలవలసినదే. ఇప్పుడు మన దినమును చూడుడు. ఐదున్నరకు లేచినది మొదలు రాత్రి పదకొండు వరకు ఒక్క ఘడియయు ఖాళీ లేక నింపుకొందుము. పాలవాడు పావుగంట ఆలస్యము చేసినచో కాఫీ తెగును, కాఫీతో స్నానము తెగును, స్నానముతో బస్సు తెగును. తొమ్మిది గంటలకు కార్యాలయములో ఎవరో మంచిమాట చెప్పినను మనము కసరుకొందుము. ఆ కసురు పాలవానిది. అది ఎగువ చెరువు నుండి వచ్చినది.

అందువలన దినములో ఏ పనియు లేని ఘడియ ఒకటి ఉంచుకొనుమనుట సోమరితనమును బోధించుట కాదు. వేదపాఠశాలలో నాకిది బాల్యముననే తెలిసినది. తైత్తిరీయ సంహితలో ఏడు కాండములు, 44 ప్రశ్నములు, 2198 పనసలు. పనసయనగా ఏబది పదముల తునక. అంత గ్రంథమును చూచి పదేండ్ల బాలుడు జడిసిపోవలసినదే. మా గురువుగారు ఏనాడును గ్రంథమంతయు మా కన్నుల ఎదుట పెట్టలేదు. ఈ పూట ఈ పనస, అంతే. ఆయన ఒకసారి చెప్పుట, మేము రెండుసార్లు అనుట, పిమ్మట వల్లె వేయుట. “రేపటి పనస ఏది గురువుగారూ?” అని అడిగితే “రేపు సూర్యుడు రానీరా” అనెడివారు. అంత కఠినమైన చదువులోను పాడ్యమి, అష్టమి, చతుర్దశి, అమావాస్య, పూర్ణిమలు అనధ్యయనములు. ఆ దినములలో కొత్త పాఠము లేదు. బట్టలు ఉతుకుకొనుట, ఏటి ఒడ్డున తిరుగుట. సెలవు అలసిపోయినవాడు వచ్చి యాచించినపుడు ఇచ్చునది కాదు. అలసటకు ముందే పంచాంగములో వ్రాసియుంచినది. నేటి పిల్లలకు ఆదివారము నాడు కూడ ట్యూషను పెట్టు తల్లిదండ్రులు దీనిని ఆలోచింపవలెను.

ఇంత చెప్పుచున్న నేను వేళ తప్పనివాడనా? కాను. నా తప్పును చెప్పుకొనుట ఇక్కడ న్యాయము.

కొన్నేండ్ల క్రిందట ఒక శ్రావణమాసములో, ఒక్క ఉదయమునకు మూడు శుభకార్యములు ఒప్పుకొంటిని. కాచిగూడలో గృహప్రవేశము, కోఠీలో నామకరణము, శాలిబండలో సత్యనారాయణ వ్రతము. ఎవరిని కాదనలేక అని అప్పుడు అనుకొంటిని. దక్షిణ మీది ఆశ కూడ కొంత ఉన్నదని ఇప్పుడు ఒప్పుకొందును. గృహప్రవేశములో యజమాని బంధువులు రాక ముప్పావుగంట ఆలస్యము. అక్కడి చెరువు తెగినది. నామకరణము పదకొండు దాటినది. ఆటో ఎక్కి అఫ్జల్‌గంజ్ వచ్చుసరికి నయాపూల్ మీద బండ్లు కదలుట లేదు. వంతెన నడిమిలో నిలిచిపోయి, మంత్రమో తిట్టో తెలియని దేనినో గొణుగుకొనుచు కూర్చుంటిని. శాలిబండ చేరుసరికి ఒంటిగంటన్నర. నేను చెప్పిన వేళ తొమ్మిది.

ఆ ఇంట ఎనుబది దాటిన ముసలమ్మ ఒకరు. పూజ కానిదే మంచినీరు ముట్టనని నియమము పట్టినది. పీటమీద గోడకు ఆనుకొని కూర్చున్నది, పెదవులు ఎండిపోయినవి. నన్ను చూచి ఆమె అన్న మాట: “వచ్చావా నాయనా, ఎండన పడి వచ్చావు. ముందు నువ్వు కాసిని మంచినీళ్లు తాగు.”

నేను ఆ నీరు త్రాగలేకపోతిని. “అమ్మా, మీరు త్రాగనిదే నేను త్రాగను, దోషమంతయు నాది” అని బ్రతిమాలి ఆమెచేత తీర్థముగా నీరు త్రాగించి, పిదపనే ఆచమనము చేసితిని. ఆనాటి నుండి మధ్యాహ్నము లోపల ఒక్క కార్యమునకు మించి ఒప్పుకొనుట మానివేసితిని. నా ఆదాయము కొంత తగ్గిన మాట నిజము. ఇంట మొదట కొంత గొణుగుడును వినవలసి వచ్చినది.

తప్పిన వేళకు శాస్త్రము ఏమి చెప్పినదనునది కూడ వినుడు. ప్రాతస్సంధ్య నక్షత్రములుండగా ఉత్తమము, అవి అణగిన పిదప మధ్యమము, సూర్యుడు వచ్చిన పిదప అధమము. అధమమైనను సంధ్యయే, మానివేయుమనలేదు. వేళ మించినచో ప్రాయశ్చిత్తముగా ఒక అర్ఘ్యము అధికముగా విడిచి, చేయవలసిన అర్ఘ్యములు విడిచి, గాయత్రికి కూర్చుండవలెను. అంతియే. దోసెడు నీరు. తప్పినందులకు మధ్యాహ్నము వరకు తల పట్టుకొని కూర్చుండుమని లేదు. తప్పును తప్పని ఒప్పుకొనుట, దానికి తగినంత చేయుట, మిగిలిన పనికి పోవుట. మనము ఈ మూడింటిలో మొదటిదాని దగ్గరనే దినమంతయు నిలిచిపోవుచున్నాము. ఆ అమ్మగారికి నేను ముందుగా చెప్పినది ఇదియే. “తల్లీ, మీ అత్తగారి పాదములు పట్టుకొని ఒకసారి చెప్పుకొనుము. అది నీ అర్ఘ్యము. ఆ పిమ్మట మాత్ర మరల తప్పకుండుటకు చేయవలసినది చూతము.”

తరువాతి వారము ఆమె భర్తను కూడ వెంటబెట్టుకొని రమ్మంటిని. ఇది ఆమె ఒక్కతె బరువు కాదు గదా! రెండు పొయ్యిలు, రెండు పిల్లల సంచులు, ఒక ముసలి ప్రాణము ఒకరి చేతిలో పెట్టి, ఆమెకు నెమ్మది లేదనుట న్యాయము కాదని అతనితోనే చెప్పితిని. మంచివాడు, తల వంచుకొని విన్నాడు. మువ్వురము కూర్చుండి ఒక కాగితము మీద వ్రాసితిమి. పిల్లల సంచులు, బూట్లు, మేజోళ్లు రాత్రియే సర్దుట తండ్రి వంతు. అదియే పాత్రాసాదనము. బజారు, బిల్లులు, బంధువుల ఫోనులు శనివారము సాయంత్రమునకు. అది లోకయాత్ర. దీపము పెట్టిన వేళ నుండి భోజనములు ముగియువరకు ఇంటిలోని ఫోనులన్నియు బియ్యపు డబ్బా మీది బుట్టలో. కార్యాలయము నుండి వచ్చిన తరువాత వంటకు ముందు ఒక్క ఘడియ, 24 నిమిషములు, ఆమెను ఎవరును ఏమియు అడుగరాదు. ఇక మాత్రలు. వైద్యుని అడిగి, వారమునకు సరిపడ ఏడు గళ్ల డబ్బా ఒకటి కొని, ఆదివారము నాడు నింపుట. గడి ఖాళీగా ఉన్నచో మాత్ర వేసినట్లు, నిండుగా ఉన్నచో వేయనట్లు. ఇక జ్ఞాపకముతో పని లేదు.

కార్తికమాసములో ఆమె దీపారాధనకు వచ్చినది. ఎట్లున్నదని అడిగితిని. శనివారపు ఏర్పాటు రెండు వారములు నడచి చెడినదట. ఖాళీ ఘడియలో పొరుగింటివారు వచ్చి కూర్చుండుచున్నారట. వారిని పొమ్మనలేక, ఆమె ఆ ఘడియకు మేడమీదికి పోవుచున్నదట. ఫోనుల బుట్టను అందరికన్న ముందు దాటినది భర్తయేనట, పిల్లలు పట్టుకొని నిలదీసిరట. సంచులు మాత్రము అతడే సర్దుచున్నాడు.

“మాత్రల డబ్బా?” అంటిని.

“ఒక్కపూట కూడా తప్పలేదండీ. ఇప్పుడు నన్ను ముట్టుకోనివ్వటం లేదు. ఆదివారం పొద్దున్నే కళ్లద్దాలు పెట్టుకుని మా అత్తగారే నింపుకుంటున్నారు. ఒక్కో గడి వేలితో తట్టి, ఆదివారం, సోమవారం అని పైకి చదువుకుంటూ. అన్నీ అయ్యాక నన్ను పిలిచి, ఓసారి చూడవే అమ్మాయ్ అంటారు. నేను చూసి మూత పెడతాను.”

స్వస్తి.